బాల్టిమోర్ వంతెనను ఓడ కావాలనే ఢీకొట్టిందా? వీడియోలో కనిపించినవి, కనిపించనివి

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్తాను, మిగతావారికి అర్థం కావడానికి. 2024 మార్చి 26 తెల్లవారుజామున అమెరికాలోని బాల్టిమోర్‌లో డాలీ అనే కంటైనర్ ఓడ ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన స్తంభాన్ని గుద్దింది. వంతెన కొన్ని సెకన్లలో నదిలో కూలిపోయింది. మీ బంధువుల వాట్సాప్ బృందంలో ఆ వీడియో ఇప్పటికీ తిరుగుతోంది. ఓడ దీపాలు ఆరి మళ్లీ వెలగడం, నల్లటి పొగ ఎగజిమ్మడం, ఓడ సరిగ్గా స్తంభం వైపే మళ్లడం చూపించి ఇది కుట్ర అని కొందరు అంటున్నారు. ఎవరో దూరం నుంచి కంప్యూటర్లను వశం చేసుకున్నారని ఇంకొందరు, భారతీయ సిబ్బందికి పని తెలియకపోవడమే కారణమని మరికొందరు అంటున్నారు. మీ తమ్ముడు త్వరలో ఎలక్ట్రికల్ కేడెట్‌గా ఓడ ఎక్కబోతున్నాడు కాబట్టి అమ్మగారు భయపడుతున్నారని రాశారు.

నేను 26 ఏళ్లు ఓడల్లో ఎలక్ట్రికల్ ఆఫీసరుగా పనిచేసి విశాఖపట్నంలో స్థిరపడ్డాను. ఆ ఓడ నేను ఎక్కింది కాదు, కానీ అక్కడ చెడిపోయిన సరంజామా నా చేతులకు బాగా తెలిసినదే. ఆ రోజు ఉదయం వీడియో చూసినప్పుడు నేనూ ఒక మాట అన్నాను: ఇంధనంలో ఏదో కల్తీ ఉంది, అందుకే జనరేటర్లు ఆగిపోయాయని. నాతో పనిచేసిన వాళ్లలో చాలామంది అదే అనుకున్నారు. తర్వాత ఆ ఇంధనాన్ని పరీక్షిస్తే నాణ్యతలో లోపమేమీ కనపడలేదు. అంతకాలం ఇంజిన్ రూమ్‌లో గడిపిన నా అంచనాయే తప్పైంది కనుక, ఒక్క వీడియో చూసి కారణం తేల్చేసే వారి మాట ఎంతవరకు నిలుస్తుందో మీరే ఊహించండి.

ముందు జరిగింది వరసగా చెప్తాను. డాలీ సుమారు 300 మీటర్ల పొడవున్న ఓడ. 2015లో కొరియాలో కట్టారు, సింగపూర్ జెండా. ఆ రాత్రి దాదాపు 4,700 కంటైనర్లతో కొలంబోకు బయల్దేరింది. సిబ్బంది 21 మంది, వారిలో 20 మంది భారతీయులు, ఒకరు శ్రీలంక దేశస్థుడు. రేవు నుంచి బయటికి నడిపించడానికి ఇద్దరు స్థానిక పైలట్లు ఎక్కారు. రాత్రి పన్నెండున్నర దాటాక టగ్ బోట్లు దాన్ని గట్టు నుంచి లాగి, కాలువలోకి తిప్పి వదిలేశాయి. టగ్గులు ఎందుకు వెళ్లిపోయాయి అని కూడా చాలామంది అడిగారు. ఆ రేవులో అప్పట్లో మామూలుగా అలాగే చేసేవారు. మా విశాఖ లోపలి నౌకాశ్రయం నుంచి వచ్చే ఓడకు డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న ఇరుకు దాటే వరకు టగ్గుల తోడు ఉంటుంది. ఒక్కొక్క రేవుది ఒక్కొక్క ఆనవాయితీ. దాని మంచిచెడ్డలు చర్చించదగినవే, కానీ ఆ రాత్రి ప్రత్యేకంగా ఎవరో టగ్గులను పంపించివేయలేదు.

ఒంటిగంట ఇరవై అయిదు నిమిషాలకు, వంతెన ఇంకా సుమారు మూడు ఓడ పొడవుల దూరంలో ఉండగా, కరెంటు పోయింది. అప్పటికి వేగం సుమారు 8 నాట్లు, అంటే గంటకు దాదాపు 15 కిలోమీటర్లు. సిబ్బంది కరెంటు తెచ్చారు. ఇక ఒక ఓడ పొడవు దూరమే మిగిలిందనగా మళ్లీ పోయింది. ఈ లోపల పైలట్ టగ్గులను పిలిచారు, చుక్కానిని ఎడమకు తిప్పమన్నారు, ఎడమ లంగరు దించమన్నారు, ఓడ అదుపు తప్పింది, వంతెనపై రాకపోకలు ఆపండి అని కబురు పంపారు. ఒంటిగంట ఇరవై తొమ్మిదిన్నరకు ఢీకొంది. మొదటి బ్లాకౌట్ నుంచి గుద్దుకోవడం వరకు మొత్తం నాలుగున్నర నిమిషాలు.

ఇప్పుడు వీడియోలో జనం వేలు పెట్టి చూపించేవాటి గురించి.

దీపాలు వెలిగాయి కదా, అంటే ఇంజిన్ కూడా వచ్చింది కదా, మరి ఎందుకు ఆపలేదు? ఇది చాలా సహజమైన ప్రశ్న, నన్ను నా మేనల్లుడు కూడా అడిగాడు. ఇంట్లో కరెంటు రాగానే ఫ్యాను తిరుగుతుంది కాబట్టి అలా అనిపిస్తుంది. ఓడలో దీపాలకు కరెంటిచ్చేవి జనరేటర్లు, ఓడను నడిపేది వేరే పెద్ద ఇంజిన్. ఆ పెద్ద ఇంజిన్‌కు చల్లటి నీరు, నూనె అందించే పంపులన్నీ కరెంటు మీద నడుస్తాయి. కరెంటు పోగానే వాటి ఒత్తిడి పడిపోతుంది, ఇంజిన్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. డాలీలో అదే జరిగింది. దాన్ని మళ్లీ నడపాలంటే ముందు పంపులన్నీ ఒక్కొక్కటిగా రావాలి, ఒత్తిళ్లు నిలబడాలి, ఆగిన కారణాన్ని రీసెట్ చేయాలి, ఆ తర్వాతే గాలి ఒత్తిడితో తిప్పి అంటించాలి. అంతా సవ్యంగా ఉన్నా అది నిమిషాల పని. వెనక్కి నడపడం దాని తర్వాతి మాట. అంతా కుదిరి వెనక్కి నడిపినా, ఆ రాత్రి సుమారు 1,12,000 టన్నులున్న ఓడ అంత కొద్ది దూరంలో నిలబడదు.

ఇక పొగ. నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా, వీడియో చూసినవారంతా ఆ నల్లటి పొగను ఇంజిన్‌ను పూర్తి వేగంతో నడిపిన గుర్తుగా చదివారు. డీజిల్ జనరేటరు చల్లగా ఉన్నప్పుడు లేచి ఒక్కసారిగా భారం మీద పడితే నల్లగానే కక్కుతుంది. ఊళ్లో పెళ్లి మండపం వెనక జనరేటరు మొదలెట్టినప్పుడు చూడండి, మొదటి అర నిమిషం అదే రంగు. నాకు ఆ పొగలో కనపడింది కింద మనుషులు కరెంటు తేవడానికి పడుతున్న పాట్లు. అప్పుడు ఇంజిన్ రూమ్ ఎలా ఉంటుందో చెప్పనివ్వండి. అంతవరకు చెవులు చిల్లులు పడే రొద ఉన్న చోట హఠాత్తుగా నిశ్శబ్దం వస్తుంది. ఫ్యాన్లు ఆగుతాయి, అలారాలు ఒక్కటే మోగుతుంటాయి, అత్యవసర దీపాల మసక వెలుగులో ఒకడు స్విచ్‌బోర్డు దగ్గరికి, ఒకడు జనరేటరు దగ్గరికి పరుగెడతారు. ఆ నిశ్శబ్దం విన్నవాడెవడూ దాన్ని మరిచిపోడు.

ఓడ కుడివైపు తిరగడం అన్నిటికన్నా ఎక్కువ అనుమానం రేపింది. తిన్నగా వెళ్లే ఓడ చివరి క్షణంలో స్తంభం వైపు తిరిగింది, ఎవరో తిప్పారు అన్నారు. చుక్కాని పనిచేయాలంటే దాని మీదికి నీరు వేగంగా రావాలి. ఆ నీటిని తోసేది ప్రొపెల్లర్. ప్రొపెల్లర్ ఆగిన ఓడలో చుక్కానిని ఎటు తిప్పినా దానికి పట్టు దొరకదు. అత్యవసర జనరేటరు వచ్చాక చుక్కాని యంత్రానికి కరెంటు అందుతుంది, కానీ చుక్కాని కదలడం వేరు, ఓడ కదలడం వేరు. అలా పట్టు తప్పిన ఓడను గాలి, ప్రవాహం, కాలువ గట్టు దగ్గర నీరు ఒత్తే తీరు ఎటు తోస్తే అటు పోతుంది. ఎడ్ల మెడ మీద కాడి ఊడిపోయిన బండి వాలు మీద ఎటు పోతుందో బండివాడు నిర్ణయించలేడు. పైలట్ ఇచ్చిన ఆదేశాలు రికార్డులో ఉన్నాయి: ఎడమకు తిప్పమన్నారు, ఎడమ లంగరు వేయమన్నారు. వాటిలో ప్రతి ఒక్కటీ స్తంభానికి దూరంగా లాగే ప్రయత్నమే.

ఆ రికార్డు మీద కూడా చిలవలు పలవలు అల్లారు. ఓడ సమాచారం నమోదు చేసే పెట్టెలో ఒక నిమిషానికి పైగా ఖాళీ ఉందని, దాన్ని ఆపేశారని. కరెంటు పోయినప్పుడు యంత్రాల నుంచి వచ్చే లెక్కలు ఆగిపోయాయి. ఓడను నడిపే గది, వీల్‌హౌస్‌లో మాటలు మాత్రం వేరే కరెంటు మీద నమోదవుతూనే ఉన్నాయి. ఆపాలనుకున్నవాడు మాటల్ని వదిలి లెక్కల్ని ఆపడు.

దాడి అనే మాటకు వస్తే, అదే రోజు అక్కడి అధికారులు ఉద్దేశపూర్వకంగా జరిగినట్లు ఎలాంటి ఆధారమూ లేదని చెప్పారు. కానీ అప్పటికే ఆ మాట ప్రపంచాన్ని చుట్టేసింది. నాకు అన్నిటికన్నా మనసు కష్టపెట్టింది మాత్రం మన సిబ్బంది గురించి వచ్చిన వెటకారాలు. అర్ధనగ్నంగా, బురదలో, అయోమయంగా కేకలు వేసుకునే భారతీయులుగా వాళ్లను చూపించే బొమ్మల వీడియో ఒకటి వచ్చింది. లక్షల మంది దాన్ని చూసి నవ్వారు. ఆ సమయానికి అసలు మనుషులు కూలిన ఇనుము కింద చిక్కుకున్న ఓడలోనే ఉన్నారు. మే 13న వంతెన శిథిలాలను పేలుడు పదార్థాలతో కోసినప్పుడు కూడా సిబ్బంది ఓడలోనే ఉన్నారు. మే 20న గానీ ఓడ అక్కడి నుంచి కదలలేదు. ఇంటికి దూరంగా, ఏ నేరమూ రుజువు కాకుండానే, ప్రపంచమంతా తమను చూసి నవ్వుతోందని తెలిసి ఓడలో ఉండటం ఎలాంటిదో సముద్రం మీద నెలలు గడిపినవాళ్లకు చెప్పనవసరం లేదు. వంతెన మీదికి వాహనాలు రాకుండా ఆపగలిగారంటే అది ఆ ఓడ నుంచి వచ్చిన కబురు వల్లనే. అప్పటి అమెరికా అధ్యక్షుడు బైడెన్ కూడా అదే రోజు ఆ మాట బహిరంగంగా చెప్పారు.

మరి అసలు కారణం ఏమిటి?

అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు 2024 మేలో ప్రాథమిక నివేదిక ఇచ్చింది, 2025 నవంబరు 18న తుది నిర్ణయం ప్రకటించింది. అంటే ఇరవై నెలలు పట్టింది. ఆ ఇరవై నెలల తర్వాత వాళ్లు పట్టుకున్నది ఒక తీగ. ఒకే ఒక్క తీగ.

డాలీలో 6,600 వోల్టుల కరెంటును 440 వోల్టులకు దించే ట్రాన్స్‌ఫార్మర్లు రెండున్నాయి. ఒకటి పనిచేస్తుంటే రెండోది సిద్ధంగా ఉంటుంది. ఒక్కొక్కదానికి పైన ఒక బ్రేకరు, కింద ఒక బ్రేకరు, అంటే కరెంటును కలిపి విడదీసే పెద్ద స్విచ్చులు. మొదటి ట్రాన్స్‌ఫార్మర్ పై బ్రేకరు నియంత్రణకు వెళ్లే ఒక సన్నటి సంకేత తీగ, తీగలను బిగించే దిమ్మ, అంటే టెర్మినల్ బ్లాక్‌లో పూర్తిగా దిగలేదు. ఎందుకు దిగలేదంటే, ఆ తీగ చివర గుర్తు కోసం తొడిగిన పేరుపట్టీ ఉంది. అది ఉండవలసిన చోటు కన్నా ముందుకు జరిగి ఉంది. తీగను స్ప్రింగు బిగింపులోకి దూర్చినప్పుడు పట్టీ అంచు అడ్డుపడింది. తీగ సగమే దిగింది, బయటికి చూస్తే మాత్రం చక్కగా బిగించినట్లే ఉంటుంది. ఇంజిన్ అదురుకు అది ఎప్పుడో ఒకప్పుడు ఊడాలి. ఆ రాత్రి ఊడింది. సంకేతం తెగగానే బ్రేకరు తెరుచుకుంది, దాని వెంట కింది బ్రేకరు కూడా తెరుచుకుంది, ఓడ చీకటైంది.

తీగ చివర పేరుపట్టీలు తొడగడం నేను కొన్ని వేలసార్లు చేసిన పని. అక్షరాలు ఒకే వరసలో కనపడాలని పట్టీని కొంచెం ముందుకు నెడతాం. చూడ్డానికి బాగుంటుంది. ఆ ముచ్చటలో ఇంత ఉందని నివేదిక చదివే వరకు నాకు తట్టలేదు. నన్ను తీర్చిదిద్దిన పెద్ద ఎలక్ట్రికల్ ఆఫీసరు ఒకాయన, బిగించిన ప్రతి తీగనూ రెండు వేళ్లతో పట్టి లాగి చూడమనేవారు. కంటితో చూసి సంతకం పెట్టేవాడిని ఆయన దగ్గరికి రానిచ్చేవారు కారు. అప్పట్లో చాదస్తం అనుకున్నాను.

ఇక్కడ ఇంకొక సంగతి ఉంది, అది పుకార్లలో సగం నిజంగా తిరిగింది. ఓడలో అంతకుముందే కరెంటు పోయిందని, తెలిసి కూడా బయల్దేరారని. ముందురోజు, బయల్దేరడానికి సుమారు పది గంటల ముందు, రేవులోనే రెండుసార్లు కరెంటు పోయిన మాట వాస్తవం. మొదటిసారి, నడుస్తున్న జనరేటరు పొగ బయటికి వెళ్లే దారిలోని మూతను ఒక సిబ్బంది పొరపాటున మూసేశాడు, జనరేటరుకు ఊపిరి ఆడక ఆగిపోయింది. రెండోసారి ఇంధనం ఒత్తిడి చాలక ఆగింది. వంతెన దగ్గర మొదట కరెంటు పోయిన కారణం, ఇవీ ఒకటి కావు. అయితే ఆ రెండు బ్లాకౌట్ల తర్వాత సిబ్బంది, కొన్ని నెలలుగా వాడుతున్న ట్రాన్స్‌ఫార్మర్‌ను వదిలి ఇంకోదాని మీదికి మారారు. వాళ్లు మారినది సరిగ్గా ఆ వదులు తీగ ఉన్న వైపు. మంచి ఉద్దేశంతో, జాగ్రత్త కోసం చేసిన పని. ఇది చదివినప్పుడు పుస్తకం మూసి చాలాసేపు కూర్చుండిపోయాను. ఆ నిర్ణయం నేను తీసుకుని ఉండేవాడినే.

వంతెన దగ్గర రెండోసారి వచ్చిన బ్లాకౌట్ విషయంలో మాత్రం నాకు సానుభూతి తక్కువ. జనరేటర్లకు ఇంధనం అందించడానికి తగిన పంపులు ఉంటాయి, అవి కరెంటు పోయి వచ్చినప్పుడు వాటంతట అవే లేస్తాయి. డాలీలో రెండు జనరేటర్లకు వాటికి బదులు గొట్టాలను కడగడానికి ఉద్దేశించిన చిన్న పంపును వాడుతున్నారు. దానికి తనంతట తాను లేచే ఏర్పాటు లేదు. మొదటి బ్లాకౌట్‌కు అది ఆగింది, ఎవరో వెళ్లి మీట నొక్కితే తప్ప లేవదు, ఆ గందరగోళంలో ఎవరూ నొక్కలేదు. ఇంధనం ఒత్తిడి పడిపోయి జనరేటర్లు మళ్లీ ఆగాయి. ఇది ఒక్క రాత్రి పొరపాటు కాదు. సులువుగా ఉందని అలవాటు చేసుకున్న పద్ధతి. ఇలాంటి అలవాట్లు ఓడ నడిపే సంస్థ పర్యవేక్షణలో బయటపడాలి, ఆ పర్యవేక్షణ చాలలేదని బోర్డు కూడా తేల్చింది. కాబట్టి సిబ్బందిది, సంస్థది ఏ తప్పూ లేదని నేను చెప్పడం లేదు. ఆ తప్పు వీడియోలో జనం చూసినదీ కాదు, బొమ్మల్లో హేళన చేసినదీ కాదు అంటున్నాను. ఢీకొనే ముందటి ఆ నాలుగున్నర నిమిషాల్లో పైలట్లు, సిబ్బంది చురుకుగానే స్పందించారని, వంతెన మరీ దగ్గరగా ఉండటంతో ఫలించలేదని బోర్డు తేల్చింది.

మనిషిదే తప్పైన సందర్భాలు లేవా అంటే ఉన్నాయి. 2007 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో కాస్కో బుసాన్ అనే ఓడ పొగమంచులో బే వంతెన స్తంభాన్ని రాసుకుని, వేల గ్యాలన్ల నూనె సముద్రంలో పోసింది. అక్కడ పైలట్ వాడుతున్న మందులు ఆయన ఆలోచనను మందగింపజేశాయని దర్యాప్తు చెప్పింది. దానికి భిన్నంగా 1980 మే 9న ఫ్లోరిడాలో సన్‌షైన్ స్కైవే వంతెనను సమిట్ వెంచర్ అనే ఓడ కూల్చినప్పుడు 35 మంది చనిపోయారు. జనం మొదటిరోజే పైలట్‌ను దోషిగా నిలబెట్టారు. కళ్లు కనపడనంత హఠాత్తుగా విరుచుకుపడిన గాలివాన అది. అక్కడి విచారణల్లో ఆయన మీద ఆరోపణ నిలవలేదు, కానీ ఆ పేరు జీవితాంతం ఆయనను వదల్లేదు. రెండు ఉదంతాల్లోనూ బయటి నుంచి కనపడిన దృశ్యం ఒకటే: ఓడ వెళ్లి వంతెనను తాకింది. 2025 మే 17న మెక్సికో నౌకాదళ శిక్షణ నౌక న్యూయార్క్‌లో బ్రూక్లిన్ వంతెనకు తెరచాప స్తంభాలు తగిలించుకున్నప్పుడు కూడా, గంట తిరక్కుండానే కారణాలు పుట్టుకొచ్చాయి.

ఇక నాకు ముఖ్యం అనిపించే విషయానికి వస్తాను. ఎవరు చేశారు అనే ప్రశ్న చుట్టూ అంత గోల జరుగుతుంటే, వంతెన ఎందుకు అంత తేలిగ్గా కూలింది అని అడిగేవాళ్ల గొంతు వినపడలేదు.

కీ వంతెన 1977లో తెరిచారు. ఒక స్తంభం పోతే పైనున్న ఉక్కు నిర్మాణం మొత్తం నిలబడలేని తరహా వంతెన అది. 1980లో, అంటే తెరిచిన మూడేళ్లకే, బ్లూ నగోయా అనే ఓడ కరెంటు పోయి దాని స్తంభం రక్షణకు తగిలింది. వంతెనకు పెద్ద నష్టం కలగలేదు. ఆ ఓడ డాలీలో పదోవంతు. అంటే ఆ స్థలంలోనే, ఆ రకం కారణంతోనే, హెచ్చరిక ఒకటి నలభై నాలుగేళ్ల ముందు వచ్చింది. ఆ తర్వాత ఓడలు పెరిగిపోయాయి, స్తంభాల చుట్టూ రక్షణ మాత్రం అక్కడే ఉంది. ఫ్లోరిడాలో 1980 ప్రమాదం తర్వాత కట్టిన కొత్త వంతెనకు స్తంభాల ముందు ఓడను ఆపే బలమైన కాంక్రీటు దిమ్మెలు పెట్టారు. బాల్టిమోర్‌లో ఉన్న చిన్న దిమ్మెలను దాటుకుని డాలీ నేరుగా స్తంభాన్ని తాకింది.

అమెరికాలో వంతెనలకు ఓడ తాకిడి వల్ల ఎంత ముప్పు ఉందో లెక్కగట్టే పద్ధతి చాలా ఏళ్లుగా ఉంది. బాల్టిమోర్ ఉన్న మేరీల్యాండ్ రాష్ట్ర రవాణా యాజమాన్యం ఈ వంతెనకు ఆ లెక్క వేయలేదు. ప్రమాదం తర్వాత బోర్డు తానే వేసి చూస్తే, ఒప్పుకోదగిన హద్దుకు దాదాపు 30 రెట్లు ఎక్కువ ముప్పు తేలింది. 2025 మార్చిలో ఆ సంగతి బయటపెట్టి, 19 రాష్ట్రాల్లో 68 వంతెనలకు అదే లెక్క వేయమని సూచించింది. కుట్ర కథలు చూసిన కోట్ల మందిలో ఈ 68 వంతెనల మాట విన్నవారు ఎందరు ఉంటారు? కుట్ర అయితే ఒక దుర్మార్గుణ్ని పట్టుకుంటే సరిపోతుంది. ఇది అలా కాదు. ఏళ్ల తరబడి ఎన్నో కార్యాలయాల్లో ఎవరూ చేయని ఒక లెక్క.

ఆ రాత్రి వంతెన మీద రోడ్డు గుంతలు పూడుస్తున్న కూలీలు ఉన్నారు. మెక్సికో, గ్వాటెమాలా, హోండురాస్, ఎల్ సాల్వడార్ దేశాల నుంచి బతుకుతెరువు కోసం వచ్చినవాళ్లు. ఆరుగురు చనిపోయారు. ఓడ నుంచి కబురు వచ్చాక పోలీసులు రెండువైపులా వాహనాలను ఆపేశారు, ఆ ఒక్క పనివల్ల ఎందరో బతికారు. కానీ పైన పనిచేస్తున్నవాళ్లకు ఆ క్షణంలో నేరుగా చెప్పే సాధనం ఎవరి దగ్గరా లేదు. పోలీసులకు తెలిసిన సమయానికే వాళ్లకూ తెలిసి ఉంటే, వంతెనలో కూలని భాగం వైపు వాహనాల్లో వెళ్లగలిగే వీలు ఉండేదని బోర్డు చెప్పింది. ఒక వాకీటాకీ, ఒక సైరను, అంతే. తీగ ఊడటం దురదృష్టం అనుకున్నా, దీన్ని నేను దురదృష్టం అనలేను. మనవాళ్లు గల్ఫ్‌లో, సింగపూర్‌లో, ఇక్కడ మన జాతీయ రహదారుల మీద అర్ధరాత్రి ఇలాంటి పనులే చేస్తుంటారు. వాళ్లకు ప్రమాదం కబురు ఎవరు, దేనితో చెప్తారు అని అడిగేవారుంటే నాకు సంతోషం.

నా అనుభవం ఒకటి చెప్పి మీ తమ్ముడి సంగతికి వస్తాను. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక బొగ్గు ఓడలో నడిసముద్రంలో కరెంటు పోయింది. చుట్టూ నీళ్లు తప్ప ఏమీ లేవు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఇరవై నిమిషాల్లో తెచ్చాం. కారణం మాత్రం తెలియలేదు. ఛీఫ్ ఇంజినీరు ఇంధనం అన్నారు. నేను జనరేటరు వేగాన్ని అదుపు చేసే గవర్నరు అన్నాను. వంటశాల దగ్గర మాత్రం యంత్రాలకు నూనె చూసే ఆయిలర్ ఒకడు కావాలనే చేశాడని మాట పుట్టింది, ఎందుకంటే అతనికీ ఛీఫ్‌కూ ముందురోజు మాటామాటా వచ్చింది. పదకొండు రోజుల తర్వాత రిలే అనే ఒక చిన్న స్విచ్చు వెనక వదులైన మర (స్క్రూ) దొరికింది. ఆ పదకొండు రోజులూ ఆ ఆయిలర్‌తో ఎవరూ కలిసి భోంచేయలేదు. మర దొరికిందని చెప్పినప్పుడు అతను ఏమీ అనలేదు. తర్వాతి రేవులో దిగి ఇంటికి వెళ్లిపోయాడు. నేను వెళ్లి అతనితో కూర్చుని ఉండవలసింది. వెళ్లలేదు.

అమ్మగారికి చెప్పండి, ఓడ పని ప్రమాదకరం కాదని నేను అబద్ధం చెప్పలేను, కానీ డాలీలో సిబ్బంది ఎవరూ చనిపోలేదు. ఓడలు నిత్యం వేల సంఖ్యలో వంతెనల కింద నుంచి క్షేమంగా వెళ్తున్నాయి. మీ తమ్ముడికి మాత్రం ఈ మాటలు చెప్పండి. ఓడ ఎక్కిన మొదటి వారంలో అత్యవసర జనరేటరు ఎక్కడుందో, చీకట్లో తడుముకుంటూ వెళ్లగలిగేలా దారి నేర్చుకోవాలి. నిబంధన ప్రకారం అది 45 సెకన్లలో కరెంటు అందించాలి, పరీక్ష రోజున గడియారం పట్టుకుని చూడాలి, పుస్తకంలో ఉన్న అంకెను మళ్లీ రాయకూడదు. ఏ పంపు తనంతట తాను లేస్తుంది, దేనికి మనిషి చెయ్యి కావాలి అని సొంతంగా జాబితా రాసుకోవాలి. ప్యానెల్ తలుపు తీసిన ప్రతిసారీ వేడిని చూపించే కెమెరా ఉంటే దానితో చూడాలి. కరెంటు ఆపి పనిచేసే రోజున ప్రతి తీగనూ రెండు వేళ్లతో లాగి చూడాలి, పేరుపట్టీ బిగింపు అంచును తాకుతోందేమో గమనించాలి. ఆ పట్టీ వెనక్కి ఉన్నా అక్షరాలు చదవడానికి వీలుగానే ఉంటాయి.

అతను ఏ ఓడ ఎక్కుతున్నాడో, స్విచ్‌బోర్డు ఎవరు తయారుచేసినదో తెలిశాక నాకు రాయమనండి. ఆ రకం బోర్డు మీద నేను పనిచేసి ఉంటే, ముందు చూసుకోవలసిన చోట్లు ఏవో చెప్తాను.